నిరుద్యోగంలో పర్మనెంటు

మిల్లుకి తాళం వేసిన రోజునే లెంక ఎర్రినాయుడికి తన ఉద్యోగం పోయిందని తెలిసింది. ఉద్యోగంతో పాటు పెళ్ళాం కడుపులోని రాళ్ళు కూడా పూర్తిగా తన సొంతమైపోయాయన్న సంగతి తెలియడానికి మాత్రం ఇంకో వారం పట్టింది.

అంతకు ముందు వరకూ ఆ రాళ్ళకో దిక్కుండేది. రాయివలస జనపనార మిల్లులో పనిచేసే ప్రతి మనిషికీ ఆరోగ్య కార్డు ఉండేది. అది చూపిస్తే జిల్లా కేంద్రంలోని పెద్దాస్పత్రిలో ఇంటిల్లిపాదికీ వైద్యం జరిగిపోయేది. ఎర్రినాయుడి భార్య నూకరత్నానికి పిత్తాశయంలో మూడు రాళ్ళున్నాయని కనిపెట్టింది ఆ ఆస్పత్రి వాళ్ళే. తీసేస్తామని తారీఖు కూడా ఇచ్చారు. ఆ తారీఖున మొగుడూ పెళ్ళాలు చాపా దుప్పటీ సర్దుకుని వెళితే, కిటికీ వెనకున్న అమ్మాయి కార్డుని యంత్రంలో పెట్టి చూసి, "ఇది చచ్చిపోయిందండీ" అంది.

"కార్డు సచ్చిపోడమేటమ్మా? మడిసి బతికే ఉంది గదా!" అన్నాడు ఎర్రినాయుడు.

"మీ మిల్లు మూసేశారు కదా. ఉద్యోగం ఉన్నవాళ్ళకే కార్డు."

"ఉజ్జోగం ఉన్నప్పుడొచ్చిన రాళ్ళే గదమ్మా ఇయ్యి!"

ఆ వాదన అమ్మాయికి సబబుగానే తోచింది. యంత్రానికి తోచలేదు. ఇద్దరూ చాప చుట్టుకుని మళ్ళీ బస్సెక్కారు.

ఊళ్ళో సర్కారు ఆస్పత్రి లేదా అంటే, ఉంది. ఆపరేషను బల్ల కూడా ఉంది. కోసే డాక్టరు పోస్టు ఆరేళ్ళుగా ఖాళీగా ఉండటంతో ఆ బల్ల మీద పాత రిజిస్టర్లు పేర్చుకున్నారు. నూకరత్నం నూనె మానేసింది, పప్పు మానేసింది, కుడిడొక్కలో పోటు వచ్చినప్పుడల్లా దిండు కడుపుకి అదుముకుని గోడకి ఆనుకునేది. అరిచే మనిషైతే బాగుండేదని ఎర్రినాయుడు అనుకునేవాడు. ఆవిడ అరవదు. అది చూడలేక అతను వీధిలోకి వెళ్ళి నిలబడేవాడు.

అలా వీధిలో నిలబడి ఉండగానే అతను రాజకీయాల్లో పడ్డాడు. ప్రజారోగ్య హక్కుల సాధన సమితి ఊరేగింపు అటుగా వచ్చింది. దాని నాయకుడు మార్తాండరావు మాస్టారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరై, నలుగురు మనుషుల్ని వరసలో నడిపించకుండా ఉండలేక ఉద్యమంలోకి వచ్చిన మనిషి. ఊరేగింపులో పదకొండు మంది ఉన్నారు. నినాదం ఇచ్చే కుర్ర లెక్చరరు గొంతు పూడిపోయి గాలి మాత్రమే వస్తోంది.

"ఉద్యోగం పోతే ప్రాణం పోవాలా?" అని వాళ్ళ అట్ట మీద రాసి ఉంది. ఎర్రినాయుడు దాన్ని కూడబలుక్కుని చదివాడు. రెండోసారి గట్టిగా చదివాడు. ఇరవయ్యొక్క ఏళ్ళు మగ్గాల షెడ్డులో ఆ చప్పుడు మీదగా అరిచిన గొంతు అది. వీధి చివర టీకొట్టులో గ్లాసులు కదిలాయి.

మాస్టారు ఊరేగింపుని అక్కడే ఆపేశారు. "నాయనా, నువ్వేం చేస్తుంటావు?"

"ఏటీ నేదు బాబూ."

"భేష్! ఉద్యమానికి కావలసింది నీలాంటివాళ్ళే. ఉద్యోగస్థులు ఆదివారం తప్ప రారు. విప్లవాలు ఆదివారాలు చూసుకుని రావు."

ఇరవయ్యొక్క ఏళ్ళు పనిచేసినందుకు కూడా ఎవరూ అతన్ని అలా మెచ్చుకోలేదు. పని లేనందుకు ఇంత గౌరవం ఉంటుందని అతనికి తెలియనే తెలియదు. ఆ వారంలోనే మిల్లులో తనతో పనిచేసిన అరవయ్యొక్క మందిని వెంటబెట్టుకొచ్చాడు. అందరూ తీరుబడిగా ఉన్నవాళ్ళే, అందరివీ మగ్గాల గొంతులే. సమితి చప్పుడు జిల్లా దాటి రాజధానికి వినిపించింది. అప్పట్లో ఆరోగ్య సంస్కరణ అనే మాట పెద్దవాళ్ళ నోళ్ళలో కూడా బాగా నలుగుతోంది. నాలుగు నెలలు తిరక్కుండానే 'నిరుద్యోగ ఆరోగ్య భద్రతా పథకం' వచ్చేసింది. ఉద్యోగం లేనివాళ్ళందరికీ కార్డు. మార్తాండరావు మాస్టారు ఏడ్చేశారు. ఎర్రినాయుడి మెళ్ళో బంతిపూల దండ వేశారు. అతను ఆ దండతోనే ఇంటికెళ్ళాడు.

"కార్డేది?" అంది నూకరత్నం.

"వొస్తాది. సట్టం వొచ్చింది గదా!"

"సట్టం వొచ్చింది, దండొచ్చింది. రాళ్ళు ఇక్కడే ఉన్నాయి మావా" అని ఆవిడ డొక్క చూపించింది.

పథకానికి ఆఫీసు కావలసి వచ్చి, మూతపడిన మిల్లు ప్రాంగణంలోనే పాత క్యాంటీను అద్దెకి తీసుకున్నారు. కనక ఎర్రినాయుడు దరఖాస్తు పట్టుకుని మళ్ళీ తన మిల్లు గేటులోంచే లోపలికి వెళ్ళాడు. గేటు దగ్గర మిల్లు నాటి కాపలా అప్పన్నే, అదే కర్రతో. క్యాంటీనులో వంటశాలకి అద్దాలు బిగించి అధికారి గది చేశారు. లోపల నీలాద్రిరావు గారు కూర్చుని ఉన్నారు. ఆయన నిరుద్యోగ ఆరోగ్య భద్రతాధికారి. ఇంట్లో కూడా ఉత్తర్వుల భాషలోనే మాట్లాడతారని ఆఫీసులో చెప్పుకునేవారు.

"తమరు నిరుద్యోగి యనుటకు ఆధారమేమి?"

"మిల్లు మూసీసారు గదా బాబూ. అదిగో, మీ కిటికీలోంచే అవుపిస్తంది, తాళం."

నీలాద్రిరావు గారు కిటికీలోంచి తాళాన్ని చూశారు. "మిల్లు మూతపడుట మిల్లునకు సంబంధించిన వాస్తవము. తమరు నిరుద్యోగి యగుట తమకు సంబంధించిన వాస్తవము. ఈ రెంటికీ గల సంబంధము ఇంకనూ స్థాపింపబడవలసి యున్నది. మిల్లు మూతపడిన పిదప తమరు మరియొకచోట పని సంపాదించి యుండవచ్చును."

"సంపాదిస్తే ఇక్కడికెందుకొస్తాను బాబూ?"

"ఉన్నదానిని చూపవచ్చును. లేనిదానిని ఎట్లు చూపుదురు? ఈ ప్రశ్నపై ఉన్నత స్థాయి సంఘమొకటి సుదీర్ఘముగా యోచించి ఒక శాస్త్రీయ పద్ధతి కనుగొన్నది. దరఖాస్తుదారు ప్రతి దినము ఉదయము తొమ్మిదిన్నర నుండి సాయంత్రము ఐదు వరకు ఈ హాలునందు కూర్చుండవలెను. ఇచ్చట కూర్చున్నవాడు మరియొకచోట పని చేయజాలడు. తొంబది దినములు అట్లు కూర్చున్నచో నిరుద్యోగము నిస్సందేహముగా రుజువైనట్లే."

ఎర్రినాయుడికి ఇందులో కష్టమేమీ కనబడలేదు. ఇంటికొచ్చి చెబితే నూకరత్నం మాత్రం, "తొంభై రోజులా? నీకెందుకు, నాను ఎల్తాను. నాకు మాత్రం ఉజ్జోగమేటుంది? పేరు నాదే రాయిస్తాను, ఆళ్ళు వొద్దనడానికి ఏటుంటాది?" అని మర్నాడు తనే వెళ్ళింది.

ఆవిడ గదిలోకి రాగానే నీలాద్రిరావు గారు లేచి నిలబడి నమస్కారం చేశారు. "అమ్మా, తమరు గృహిణి. గృహిణి చేయు శ్రమ మరి ఏ శ్రమకును తీసిపోదు. తెల్లవారుజాము మొదలు విశ్రాంతి యెరుగక పాటుపడు మాతృమూర్తిని నిరుద్యోగి యనుట ఘోరమైన అవమానము. ప్రభుత్వము అట్టి అవమానమునకు అంగీకరింపదు. దరఖాస్తు తిరస్కరించడమైనది."

"నాను పని సేస్తన్నానని పెబుత్వానికి ఎప్పుడు తెలిసింది బాబూ?"

"ఈ పథకము క్రింద దరఖాస్తులు పరిశీలించు సందర్భమున."

"అయితే జీతమిస్తారా?"

"గౌరవము మాత్రమే" అన్నారు నీలాద్రిరావు గారు, ఇంకా నిలబడే.

కనక ఎర్రినాయుడే కూర్చున్నాడు. అతనితో పాటు మిల్లు వాళ్ళందరూ కూర్చున్నారు. వాళ్ళు కాక ఊళ్ళో డిగ్రీలు చదివి ఖాళీగా ఉన్న కుర్రవాళ్ళు ఓ నలభై మంది వచ్చారు. వేలిముద్ర యంత్రం పెట్టారు. ఆలస్యమైతే సగం రోజు కోత. నెలకో రోజు సెలవుంది, దానికి మూడు రోజుల ముందు కారణం చూపుతూ అర్జీ పెట్టుకోవాలి. ఒక కుర్రాడు "ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వెళ్ళవలెను" అని కారణం రాస్తే, నిరుద్యోగం పట్ల చిత్తశుద్ధి లేదని పేరు కొట్టేశారు. మిగిలిన కుర్రవాళ్ళు రెండు నెలల్లో ఒక్కొక్కరే జారుకున్నారు. మిల్లు వాళ్ళు మాత్రం జారలేదు. గేటు తీసే వేళకి ముందే వచ్చి, మిల్లులో నిలబడ్డట్టే వరసలో నిలబడేవాళ్ళు.

హాల్లో ఒకటే నియమం. ఏ పనీ చేయకూడదు. మూడో వారంలో పంకా ఒకటి కిర్రుమంటూ ఆగిపోయింది. ఎర్రినాయుడికి చేతులు ఊరుకోలేదు. బల్లెక్కి ఏదో తిప్పి, రెండు నిమిషాల్లో దాన్ని తిరిగేటట్టు చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సాయంత్రానికి మెమో వచ్చింది. "తమరు కార్యాలయ వేళలందు నైపుణ్యముతో కూడిన పనిని ప్రత్యక్షముగా, సాక్షుల సమక్షమున నిర్వహించి నిరుద్యోగ నిబంధనలను ఉల్లంఘించినందున, తమపై చర్య ఏల తీసికొనరాదో తెలుపవలెను." సీనియర్ అసిస్టెంటు దమయంతి గారు జాలిగల మనిషి. ఆవిడే పక్కన కూర్చుని జవాబు రాయించింది. పంకా దానంతటదే తిరిగిందనీ, తాను బల్లెక్కింది నిద్రమత్తులో అనీ. మర్నాడు ఆఫీసు వాళ్ళు మరో పంకాని తెప్పించి చెడగొట్టి, దాని కింద అతన్ని ఒక రోజంతా కూర్చోబెట్టి పరీక్షించారు. ఎర్రినాయుడు చేతులు తొడల కింద పెట్టుకుని గట్టెక్కాడు.

తొంభయ్యో రోజు రానే వచ్చింది. మిల్లు వాళ్ళలో ఒక్కరి హాజరులోనూ లోటు లేదు. నీలాద్రిరావు గారు కాగితాలన్నీ రాజధానికి పంపారు. "కార్డులు ముద్రితమై వచ్చునంతవరకు యథాతథ స్థితి కొనసాగించవలెను. మధ్యలో నిరుద్యోగము సడలినచో ఇంతవరకు గడించినది వృథా యగును" అని చెప్పారు. కూర్చున్నారు. నాలుగో నెల అయింది, ఆరో నెల అయింది. నూకరత్నం చీర కుచ్చిళ్ళు పెరుగుతూ వచ్చాయి, మనిషి తగ్గుతూ వచ్చింది. రోజూ పొద్దున్న అతనికి క్యారేజీ కట్టి ఇచ్చేది.

"ఇయ్యాల వొస్తాదా?" అనేది.

"వొస్తాది" అనేవాడు. ఆవిడ మొహంకేసి చూడకుండా చెప్పులు తొడుక్కునేవాడు.

రెండు వందల ముప్ఫయ్యెనిమిదో రోజున అసలు సంగతి జరిగింది.

మగ్గాల షెడ్డులో పక్కవాడి మాట చెవికి వినబడదు. అందుకని మిల్లు మనుషులు మాటని పెదాల మీద చదువుకుంటారు. ఈ విద్య వాళ్ళకుందని ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆ మధ్యాహ్నం అద్దాల గదిలో నీలాద్రిరావు గారూ దమయంతి గారూ మాట్లాడుకుంటున్నారు. ఎర్రినాయుడు కూర్చున్నచోటి నుంచే చదివాడు. "రెండు వందల నలభై నిండనివ్వకూడదు. రేపటి నుంచి మూడు రోజులు వీళ్ళందర్నీ ఇంటి దగ్గర ఉండమనండి" అంటున్నారు దమయంతి గారు. నీలాద్రిరావు గారు తలాడిస్తున్నారు.

ఎర్రినాయుడికి ఒళ్ళు మండిపోయింది. అతనికే కాదు, ఆ పెదాలు చూసిన ప్రతివాడికీ మండింది. ఎందుకంటే రెండు వందల నలభై అనే అంకె ఆ మిల్లులో అందరికీ తగిలిన గాయం. ఏడాదిలో అన్ని రోజులు పనిచేసినవాణ్ణి పర్మనెంటు చెయ్యాలని చట్టం. అందుకని మిల్లు యజమాని సరిగ్గా రెండు వందల ముప్ఫయ్యెనిమిదో రోజున, "రేపటి నుంచి మూడు రోజులు రావద్దు, మీ మంచికే" అని ఇంటికి పంపేవాడు. మళ్ళీ లెక్క మొదటికి వచ్చేది. ఎర్రినాయుడు అలా తొమ్మిదేళ్ళు తిరిగాడు. గేటు దగ్గర పడుకుని, దెబ్బలు తిని, పదో ఏట పర్మనెంటయ్యాడు.

దమయంతి గారు హాల్లోకి వచ్చింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "రేపటి నుంచి మూడు రోజులు ఎవరూ రాకండి. కాగితం మీద రాయలేను. నా మాట నమ్మండి, మీ మంచికే."

"మా మంచికే అని మిల్లోడూ అనీవోడమ్మా!" అని లేచాడు ఎర్రినాయుడు. "మాకు తెల్దనుకున్నారేటి? బ్రేకు సర్వీసు!"

"డౌన్ డౌన్!" అన్నాయి అరవై గొంతులు.

దమయంతి గారు ఏదో చెప్పబోయింది. ఆవిడ పెదాలు కదలడం కనిపించింది గానీ, ఆ వేడిలో ఎవరూ చదవలేదు. కబురందుకుని మార్తాండరావు మాస్టారు పరిగెత్తుకొచ్చారు. నిరుద్యోగుల హాజరు హక్కును కాలరాసే కుట్ర ఇదని అరగంట మాట్లాడారు. మర్నాడూ ఆ మర్నాడూ మిల్లు వాళ్ళు ఒక్కరు తగ్గకుండా వచ్చారు. జ్వరంతో ఉన్న గవరయ్యని రిక్షాలో తెచ్చి వేలిముద్ర వేయించారు. రెండు వందల నలభయ్యో రోజున కొత్త చొక్కాలు వేసుకుని బెల్లం మిఠాయి పంచుకున్నారు. దమయంతి గారికి ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదు.

రెండు వందల నలభయ్యొకటో రోజున ఆడిటరు వచ్చాడు. హాజరు పట్టీ చూసి అక్కడికక్కడే అభ్యంతరం రాశాడు. "ఒకే ఆవరణలో, ఒకే అధికారి పర్యవేక్షణలో, నిర్ణీత వేళలకు రెండు వందల నలుబది దినములు ఎడతెగక హాజరైన వ్యక్తులను నిరుద్యోగులనుట హాస్యాస్పదము. నిజమైన నిరుద్యోగియందు ఇంతటి క్రమశిక్షణ ఉండదు. కావున వీరిని పర్మనెంటు సిబ్బందిగా పరిగణించి, నిరుద్యోగుల జాబితానుండి తొలగించవలెను."

నీలాద్రిరావు గారు అందర్నీ నిలబెట్టి చదివి వినిపించి, అభినందనలు తెలిపారు. మిల్లులో పదేళ్ళు పట్టిన పని ఇక్కడ ఎనిమిది నెలల్లో అయిపోయింది. ఎర్రినాయుడికి ఒక్క క్షణం, ఒక్క క్షణమే, ఛాతీ పొంగింది. అంతలో పెళ్ళాం డొక్క గుర్తొచ్చింది.

"అయితే బాబూ, ఉజ్జోగస్తుల కార్డే ఇప్పించీండి. ఏ కార్డయితేనేటి."

"ఉద్యోగుల కార్డునకు చందా జీతము నుండి మినహాయింపబడును. తమకు జీతము లేదు. లేని జీతము నుండి మినహాయించుట ఖజానా నియమములకు విరుద్ధము."

"పోనీ రాజీనామా సేసీస్తాను."

"రాజీనామా చేయువాడు తన ఇచ్ఛతో నిరుద్యోగమును వరించినవాడు. పథకము అట్టివారికి వర్తింపదు."

బయటికొస్తుంటే దమయంతి గారు వరండాలో ఆపింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మీ కార్డులు వచ్చి పది రోజులైంది నాయుడూ. అరవై రెండూ నా బీరువాలో ఉన్నాయి. ఆడిటరు పట్టీ చూడందే పంచకూడదు. అతను వస్తున్నాడు, పట్టీలో రెండు వందల నలభై కనబడితే కొట్టేస్తాడని తెలిసింది. ఆ మూడు రోజులూ మీరు ఇంటి దగ్గర ఉండి ఉంటే, ఈ రోజు పంచేసేదాన్ని. చెబుదామంటే మీరు చెప్పనిచ్చారా?"

ఎర్రినాయుడు ఆ మెట్ల మీదే కూలబడ్డాడు. పోరాడి ఓడిపోవడం అతనికి తెలుసు. పోరాడి గెలిచి ఇలా కావడం అతనికి కొత్త. ఇంటికెళ్ళి దాచకుండా మొత్తం చెప్పాడు. నూకరత్నం అంతా వింది.

"అయితే మావా, నువ్వు పోరాడకుండా ఆ మూడు రోజులూ ఇంటికాడ తొంగునుంటే నాకు ఆపరేసను అయిపోయీది గదా?"

"అయిపోయీది."

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వబోతే పోటొచ్చింది. దిండు కడుపుకి అదుముకుని, నవ్వుతూ, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే గోడకి ఆనుకుంది. ఎర్రినాయుడు ఈసారి వీధిలోకి వెళ్ళలేదు. పక్కన కూర్చుని ఏడ్చాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడే చీర బిగించుకుని, "ఆ బాబుతో నాను మాటాడతాను" అని బయల్దేరింది. వద్దంటే వినలేదు. ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు పచ్చబడ్డాయి. గేటు దాటింది, వరండా దాటింది, అద్దాల గది తలుపు తోసింది. "బాబూ" అంది. ఆ మాట తరవాత ఇంకేమీ అనకుండా నీలాద్రిరావు గారి బల్ల ముందు కుప్పకూలిపోయింది.

నీలాద్రిరావు గారు జీవితంలో మొదటిసారి మామూలు తెలుగు మాట్లాడారు. "అయ్యో అయ్యో, ఇక్కడ పడిపోయిందేమిటి!" అన్నారు. వెంటనే అలమరా తీసి నిబంధనల పుస్తకం తిరగేశారు. ఉండాల్సిన నిబంధన ఉంది. కార్యాలయ ఆవరణలో సందర్శకులకు ప్రాణాపాయం సంభవిస్తే, వైద్యం చేయించే పూచీ ఆ కార్యాలయాధికారిది. లేకపోతే విచారణ, సస్పెన్షను. ఎనిమిది నెలల్లో కదలని ఆఫీసు ఎనిమిది నిమిషాల్లో కదిలింది. నూకరత్నం అధికారి గారి జీపులో, అధికారి గారి ఒళ్ళో తల పెట్టుకుని పెద్దాస్పత్రికి వెళ్ళింది. కిటికీ వెనక అమ్మాయి కార్డు అడిగితే నీలాద్రిరావు గారు, "కార్డు లేదు, గీర్డు లేదు, ముందు లోపలికి తీసుకెళ్ళండమ్మా, నా ఉద్యోగం పోతుంది!" అని గావుకేక పెట్టారు. యంత్రం కూడా అభ్యంతరం చెప్పలేదు.

సాయంత్రానికి ఆపరేషను అయిపోయింది. ఇంకొక్క పూట ఆగి ఉంటే మనిషి దక్కేది కాదని డాక్టరు చెప్పాడు. ఎర్రినాయుడు ఆ మాట విని వార్డు బయట గోడకి నుదురు ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. సంస్కరణ కోసం ఏడాది పాటు అరిచాడు, కూర్చున్నాడు, మెమోలు తిన్నాడు. చివరికి పెళ్ళాన్ని బతికించింది ఆవిడ పడ్డ చోటు.

ఈ సంగతి రాయివలసలో దాగలేదు. పదిరోజులు తిరిగేసరికి ఆఫీసు ఆవరణ రోగులతో నిండిపోయింది. వరిబీజం ఉన్నవాళ్ళు వచ్చి వరండాలో పడ్డారు. ఉబ్బసం వాళ్ళు మెట్ల మీద పడ్డారు. పై ఊళ్ళ నుంచి ఎడ్లబండి కట్టుకొచ్చి, ఎక్కడ పడితే బాగుంటుందని అప్పన్నని అడిగి మరీ పడ్డారు. నీలాద్రిరావు గారు మొదట "ఆవరణయందు పడిపోదలచినవారు ముందుగా దరఖాస్తు చేసికొనవలెను" అని ఒక ఉత్తర్వు తీశారు. పడ్డవాళ్ళెవరూ దాన్ని లేచి చదవలేదు. అప్పుడు ఆయన పెయింటరుని పిలిపించి, గేటు దగ్గర అడ్డంగా పసుపు గీత గీయించారు. ఈ గీత ఎచ్చట గలదో అచ్చటి వరకే ఆవరణ అనీ, ఆరోగ్యవంతులు కానివారు దీన్ని దాటరాదనీ, గీతకు బయట పడినవారికి కార్యాలయం పూచీ లేదనీ బోర్డు కట్టించారు.

గీత ఆరకుండానే గవరయ్య వచ్చాడు. ఆ రోజు జ్వరంతో రిక్షాలో వచ్చి వేలిముద్ర వేసిన మనిషే. ఆ జ్వరం తగ్గలేదు, ఊపిరితిత్తులకి నీరు పట్టింది. కొడుకు భుజం మీద చెయ్యేసి గేటు దాకా వచ్చి, సరిగ్గా గీత మీద అడ్డంగా పడిపోయాడు. తల లోపల, కాళ్ళు బయట.

అప్పన్న పరిగెత్తుకొచ్చి కాళ్ళు పట్టుకుని బయటికి లాగాడు. "తప్పుగా అనుకోకు బావా, ఆర్డరు" అంటూనే లాగాడు. పర్మనెంటు కనక ఇప్పటికీ హాజరవుతున్న ఎర్రినాయుడు హాల్లోంచి వచ్చి గవరయ్య చంకల కింద చేతులేసి లోపలికి లాగాడు. మధ్యలో గవరయ్య రొప్పుతున్నాడు. నీలాద్రిరావు గారు వచ్చి వంగి చూశారు.

"ఇరువురూ ఆగుడు. ఇది సున్నితమైన విషయము. ప్రాణము దేహమున ఏ భాగమందు ఉండునో నిబంధనలలో లేదు. శిరస్సునందున్నచో పూచీ మాది, పాదములందున్నచో కాదు. రాజధానికి వ్రాసెదను. స్పష్టత వచ్చునంతవరకు యథాతథ స్థితి కొనసాగించవలెను."

"అప్పటిదాకా ఈ మడిసి ఈ గీత మీదే ఉండాలా?" అన్నాడు ఎర్రినాయుడు.

"కదల్చరాదు."

ఆపరేషను తరవాత నూకరత్నం ఆ రోజే మొదటిసారి ఇల్లు కదిలి, మొగుడికి క్యారేజీ తెచ్చింది. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. కాసేపు గవరయ్యని చూసింది, బోర్డుని చూసింది. బోర్డు మీద ఏముందని దమయంతి గారిని అడిగి చదివించుకుంది. గోడవార పెయింటరు పసుపు రంగు డబ్బా, బ్రష్షూ వదిలేసి టీకి వెళ్ళాడు. ఆవిడ క్యారేజీ కింద పెట్టి, కొంగు దోపుకుని, ఒక చెయ్యి కుట్లకి అదిమిపట్టి, రెండో చేత్తో బ్రష్షు ముంచింది. గవరయ్య కాళ్ళకి బారెడు అవతల, రోడ్డు మీద, ఈ చివర నుంచి ఆ చివరకి గీత గీసింది. పాత గీత మీద మట్టి పోసి కాలితో రాసేసింది.

"ఇప్పుడు సూసుకోండి బాబూ. లోపలున్నాడా, బయటున్నాడా?"

నీలాద్రిరావు గారు కొత్త గీతని చూశారు. తన బోర్డు చదువుకున్నారు. గీత ఎచ్చట గలదో అచ్చటి వరకు ఆవరణ. కింద తన సంతకం ఉంది. ఎవరు గీయవలెనో మాత్రం ఉత్తర్వులో లేదు. ఆయన రుమాలుతో మెడ తుడుచుకుని, "జీపు తీయండి" అన్నారు.

గవరయ్య బతికాడు. ఆ మర్నాటి నుంచి ప్రజారోగ్య హక్కుల సాధన సమితి అట్టలూ నినాదాలూ మానేసి, పసుపు రంగు కొనడం మొదలుపెట్టింది. పర్మనెంటు సిబ్బంది అరవై రెండు మందీ తొమ్మిదిన్నరకి వేలిముద్ర వేసి, తోచినంత దూరం గీతని ముందుకి జరిపి, ఐదింటికి ఇళ్ళకి పోతున్నారు. ఆవరణ ఇప్పుడు సంతపేట దాటి, సర్కారు ఆస్పత్రిని కూడా కలుపుకుని, బస్టాండు దాకా వచ్చింది.

బస్టాండుకి అవతల జబ్బు పడేవాళ్ళు ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టాలి.